ఆకాశానికి సేత్వార్

బేగంపేటలోని సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ చిరునామా ఎప్పుడైనా చూశారా? అందులో ‘నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్’ అని ఉంటుంది. లోపల పనిచేసేది ఆర్థికవేత్తలు. జనాభా లెక్కలు, నమూనా సర్వేలు, పంటల వివరాలు ముందేసుకుని ఒకదానితో ఒకటి సరిచూస్తుంటారు. చిరునామాలో మిగిలిన పేరు మాత్రం చుక్కల్ని లెక్కపెట్టినవాళ్ళది. ఈ ఇద్దరూ ఒకే ఆవరణలోకి చేరడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఆలోచిస్తే ఇద్దరి పనీ ఒకటే. ఒక్క సర్వేతో తేలని సంగతి రెండో సర్వే పక్కన పెడితే తేలుతుంది.

విశ్వం వయసు సుమారు 1380 కోట్ల సంవత్సరాలని ఇవాళ యూట్యూబ్ చూసే చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. అందులో మనకు తెలిసిన మామూలు పదార్థం 5 శాతమేననీ, మిగతాదంతా కృష్ణ పదార్థం, కృష్ణ శక్తి అనీ కూడా చెప్తారు. ఈ అంకెలు ఎక్కడివి? ఏదో ఒక పెద్ద టెలిస్కోపు ఆకాశంలోకి తొంగిచూసి చదివి చెప్పినవి కావు. ఒక సర్వే కాయితం పక్కన ఇంకో సర్వే కాయితం పెట్టి, రెంటికీ కుదిరే లెక్క ఏదో వెతికితే దొరికినవి. సైన్సు వార్తల్లో ఆ చివరి అంకె ఒక్కటే మిగులుతుంది. కాయితాలు తయారుచేసినవాళ్ళు, వాటిని పక్కపక్కన పెట్టినవాళ్ళు కనిపించరు. ఆ పనిలో మన హైదరాబాద్‌కు కూడా ఒక పాత వాటా ఉంది. ముందు అది చెప్తాను.

* * *

1887 ఏప్రిల్‌లో పారిస్ అబ్జర్వేటరీ డైరెక్టర్ ఎర్నెస్ట్ ముషే పిలుపు మీద దేశదేశాల ఖగోళవేత్తలు ఒకచోట చేరారు. ఫొటోగ్రఫీ అప్పుడప్పుడే చుక్కల్ని పట్టుకునే స్థాయికి వచ్చింది. చేత్తో గీసే పటాల కాలం అయిపోయింది, ఆకాశం మొత్తాన్ని గాజు పలకల మీదికి దించేద్దామన్నది ఆలోచన. ఏ ఒక్క అబ్జర్వేటరీ వల్లా అయ్యే పని కాదు. అందుకని ఆకాశాన్ని పట్టీలుగా కోసి పంచుకున్నారు. గ్రీనిచ్‌కు ఒకటి, ఆక్స్‌ఫర్డ్‌కు ఒకటి, వాటికన్‌కు, ఆల్జీర్స్‌కు, సిడ్నీకి ఒక్కొక్కటి. ఒక్కో పలక ఆకాశంలో రెండు డిగ్రీల చదరం. పలక మీద ముందే సన్నని గళ్ళు అచ్చువేస్తారు. ఫొటో తీసి, కడిగి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఒక్కో చుక్క ఏ గడిలో ఎంత అడ్డంలో, ఎంత నిలువులో ఉందో కొలిచి రాస్తారు. ఊళ్ళో సర్వే రాళ్ళ మధ్య గొలుసు పట్టినట్టే.

పంచుకోవడం తేలికే, చేయడం కష్టం. దక్షిణాకాశంలో మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ చిలీలోని సాంటియాగోకు దక్కింది. అక్కడ పని సాగలేదు. ఆ పట్టీ తిరిగి తిరిగి హైదరాబాద్ చేతికొచ్చింది.

హైదరాబాద్‌లో అబ్జర్వేటరీ ఉండటానికి కారణం ఒక నవాబు సరదా. ఇంగ్లండులో చదువుకొచ్చిన నవాబ్ జఫర్ జంగ్ 1901లో 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు కొని, ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో పెట్టించాడు. దానికి నిజాం పేరు పెట్టుకోవడానికి ఆరో నిజాం అనుమతి తీసుకున్నాడు. 1907లో ఆయన చనిపోయాడు. 1908లో ప్రభుత్వం అబ్జర్వేటరీని తన ఆర్థిక శాఖ కిందికి తీసుకుంది. ఆర్థర్ చాట్‌వుడ్ అనే ఇంగ్లీషాయన తొలి డైరెక్టర్. ఆయన హయాంలో అది బేగంపేటకు మారింది. నవాబు ముచ్చట కాస్తా సర్కారీ నౌకరీ అయింది. సర్వేలకు ముచ్చట చాలదు, నౌకరీ కావాలి.

1914లో రాబర్ట్ పోకాక్ డైరెక్టర్‌గా వచ్చాడు. ఆక్స్‌ఫర్డ్‌లో ఈ పలకల పనిలో ఆరితేరిన హెచ్. హెచ్. టర్నర్ శిష్యుడు. అసలు పని ఆ ఏడే ఊపందుకుంది. యంత్రం 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్. పట్టీలో ఏడు వరుసలు, వరుసకు 180 పలకలు, మొత్తం 1260. అంటే 1260 సార్లు మబ్బులేని రాత్రి దొరకాలి, టెలిస్కోపు చుక్కల వెంట చెదరకుండా తిరగాలి, పలక పగలకూడదు. ఆ మధ్యలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. 1918లో పోకాక్ చనిపోయాడు. ఆయన తర్వాత టి. పి. భాస్కరన్ బాధ్యత తీసుకున్నాడు. ఆ కుర్చీలో కూర్చున్న తొలి భారతీయుడు ఆయనే. 1919లో అబ్జర్వేటరీ కొత్తగా పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వెళ్ళింది. 1929 నాటికి దక్షిణ పట్టీ ఫొటోలు పూర్తయ్యాయి. అంతలో జర్మనీలోని పోట్స్‌డామ్ సరిగా ముగించని ఉత్తర పట్టీలో ప్లస్ 36 నుంచి ప్లస్ 39 దాకా ఉన్న ముక్క కూడా హైదరాబాద్‌కే అప్పగించారు. 1928 నుంచి 1938 దాకా అందులో ఇంకో 592 పలకలు తీశారు. రెండు పట్టీల్లో కలిపి కొలిచిన చుక్కలు నాలుగు లక్షల పైచిలుకు.

అందులో మనకు తెలిసిన చుక్కలూ ఉన్నాయి. అనూరాధ నక్షత్రం అని పంచాంగం చెప్పే చోట, వృశ్చికం తల దగ్గర మెరిసే చుక్కలు కొన్ని ఈ దక్షిణ పట్టీలోకే వస్తాయి. కానీ అందులో అత్యధికం కంటికి కనపడని, పేరు లేని చుక్కలు. తోకచుక్క కనిపెడితే మనిషి పేరు పెడతారు. నిజామియాలో పనిచేసిన ఉద్యోగి కొడుకు, హైదరాబాద్‌లోనే చదువుకున్న వేణు బప్పు పేరు 1949లో అలాగే ఒక తోకచుక్కకు వచ్చింది. సర్వే చేస్తే మాత్రం చుక్కకు నంబరు వస్తుంది, కొలిచినవాడికి ఏమీ రాదు. వాటికన్ పట్టీని నలుగురు క్రైస్తవ సన్యాసినులు ఏళ్ళ తరబడి కొలిచారన్న సంగతి కూడా లోకానికి చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒక తేదీ దగ్గర ఆగాలి. దక్షిణ పట్టీ పూర్తయిన 1929లోనే అమెరికాలో ఎడ్విన్ హబుల్ గెలాక్సీల దూరానికీ వేగానికీ ఉన్న సంబంధం ప్రచురించాడు. విశ్వం వ్యాకోచిస్తోందన్న మాటకు అది పునాది. 1914లో పని మొదలుపెట్టినప్పుడు మన పాలపుంతకు బయట వేరే గెలాక్సీలు ఉన్నాయో లేదో కూడా తేలలేదు. అంటే బేగంపేటలో పలకలు కడిగినవాళ్ళు తాము కొలుస్తున్నది దేనికి పనికొస్తుందో తెలియకుండానే కొలిచారు. ముందు తరాలకు ఒక ఆధారం కావాలి, అంతవరకే వాళ్ళకు తెలుసు.

* * *

ఆ ఆధారం చాలాకాలం ఎవరికీ అక్కర్లేకపోయింది. పాత ఖగోళ చరిత్రల్లో ఈ అంతర్జాతీయ పథకాన్ని ఒక ఖరీదైన పొరపాటుగా రాసినవాళ్ళున్నారు. యూరప్ దశాబ్దాల పాటు గాజు పలకలు కొలుస్తూ కూర్చుంటే, అమెరికా నక్షత్రాల భౌతికశాస్త్రం వైపు దూసుకుపోయిందని వాళ్ళ వాదన. అందులో నిజం లేకపోలేదు. పెద్ద పటం అసలు పూర్తే కాలేదు. పూర్తయిన జాబితా సంపుటాల్లో ఉన్నవి పలక మీది అడ్డం, నిలువు కొలతలు. వాటిని ఆకాశంలోని అసలు స్థానాలుగా మార్చాలంటే నమ్మకమైన గుర్తురాళ్ళలాంటి నక్షత్రాలు కావాలి. అవి సరిపడా లేవు. సంపుటాలు లైబ్రరీల్లో దుమ్ము పట్టాయి.

1989లో యూరోపియన్ అంతరిక్ష సంస్థ హిప్పార్కస్ ఉపగ్రహాన్ని పంపింది. 1993 దాకా అది చుక్కల స్థానాలు కొలిచింది. భూమి మీది గాలి అడ్డం లేదు కనుక ఆ కొలతలు అంతకుముందు వేటికీ అందనంత ఖచ్చితం. కానీ దానికీ ఒక లోటు ఉంది. చుక్క కదులుతుంది. ఎంత కదిలిందో చెప్పాలంటే మూడు నాలుగేళ్ళ వ్యవధి చాలదు, చాలా పాత కొలత ఒకటి పక్కన ఉండాలి. అప్పుడు అందరికీ ఆ దుమ్ము పట్టిన సంపుటాలు గుర్తొచ్చాయి. మాస్కోలో వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. వాషింగ్టన్‌లోని నావికా అబ్జర్వేటరీవాళ్ళు, ఉపగ్రహం ఇచ్చిన కొత్త గుర్తురాళ్ళతో పాత పలకల కొలతలన్నీ సరిదిద్ది ఒక్క జాబితాగా కుట్టారు. మొత్తం 46 లక్షల చుక్కలు. అందులో హైదరాబాద్ పట్టీలు రెండూ ఉన్నాయి.

ఒక చిన్న లెక్క చూడండి. ఆకాశంలో కోణాన్ని ఆర్క్‌సెకన్లలో కొలుస్తారు. నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఒక రూపాయి బిళ్ళ పెడితే అది కనిపించే వెడల్పు సుమారు ఒక ఆర్క్‌సెకను. పాత పలకల్లో ఒక చుక్క స్థానం సుమారు ఐదో వంతు ఆర్క్‌సెకను అటూ ఇటూగా తెలుసు. ఇవాళ్టి లెక్కన అది మొరటు కొలత. కానీ ఆ మొరటుతనాన్ని 70 ఏళ్ళ మీద పంచితే ఏడాదికి ఆర్క్‌సెకనులో వెయ్యోవంతులు మూడు. అంటే పాత కొలతలోని తప్పును కాలమే పలచన చేసింది. ఇలా పాతదీ కొత్తదీ కలిపి 2000లో ఇచ్చిన టైకో-2 జాబితాలో 25 లక్షల నక్షత్రాల కదలికలున్నాయి. అంతటి ఉపగ్రహం ఒంటరిగా చేయలేనిదీ, బేగంపేట ఆస్ట్రోగ్రాఫ్ ఒంటరిగా చేయలేనిదీ రెండూ కలిస్తే అయింది. పైగా 1914 నాటి ఆకాశాన్ని ఇప్పుడెవరూ మళ్ళీ ఫొటో తీయలేరు. ఎంత డబ్బు పెట్టినా దొరకని కొలత అది.

* * *

మాది హాలియా. సాగర్ ఎడమ కాలువ కింది ప్రాంతం. మా దగ్గర భూమి మాట వస్తే ముందు అడిగేది కాయితం. అందులోనూ ఏ కాయితం? నిజాం కాలపు తొలి సర్వేలో సర్వే నంబరు వారీగా విస్తీర్ణం, శిస్తు రాసిన మూల రిజిస్టరు సేత్వార్. పొలం ఆకారం, కొలతలు గీసిన పటం టీపన్. 1954-55లో రాసిన ఖాస్రా పహాణీ. ఆ తర్వాత ఏటేటా పహాణీలు. 2020లో వచ్చిన ధరణి. ఒకే భూమికి ఇన్ని సర్వేలు, ఇన్ని రాతలు. 1967లో కాలువలోకి నీళ్ళొచ్చాక చెలకలు మళ్ళయ్యాయి, పిల్లకాలువలు పొలాల మధ్య నుంచి పోయాయి, గెట్లు జరిగాయి, అన్నదమ్ములు పంచుకున్నారు. కాయితాలన్నీ ఒక్కటే చెప్పాలంటే ఎట్లా చెప్తాయి?

మా తాత దగ్గర ఒక బట్టసంచి ఉండేది. అందులో ఒకే చెలకకు ఒక కాయితంలో 3 ఎకరాల 12 గుంటలు, ఇంకో కాయితంలో 3 ఎకరాల 4 గుంటలు. నేను ఇంటర్ చదివే రోజుల్లో, పాతది చిరిగిపోతోంది కదా, కొత్తది ఉంటే చాలదా అని అడిగాను. “పాత కాయితం తప్పయినా పారేయొద్దు బిడ్డా. ఏడ తేడా వచ్చిందో చెప్పేది అదొక్కటే” అన్నాడు.

రెండు కాయితాలు చూసి సగటున 3 ఎకరాల 8 గుంటలని రాసే సర్వేయరు ఎవడూ ఉండడు. రాస్తే ఊరు నవ్వుతుంది. ఆయన చేసేది పాత రాయి ఎక్కడుందో వెతకడం, పక్క సర్వే నంబరు గెట్టు నుంచి గొలుసు పట్టి రావడం, మధ్యలో కాలువకు పోయిందెంతో చూడటం. రెండు కొలతలు కలిస్తే నమ్మకం పెరుగుతుంది. కలవకపోతే ఏదో జరిగిందని తెలుస్తుంది. ఈ రెండో మాట విశ్వం కొలతల్లో చివరికి ఎంత పెద్దదయిందో ముందు ముందు చూస్తారు.

* * *

ఇప్పుడు చుక్కల నుంచి మొత్తం విశ్వానికి వద్దాం. ఇక్కడ కూడా ఒక పాత కాయితం ఉంది, ఒక కొత్త కాయితం ఉంది.

పాత కాయితం మైక్రోవేవ్ నేపథ్య కాంతి. విశ్వానికి సుమారు 3 లక్షల 80 వేల ఏళ్ళ వయసప్పుడు, మంటలా ఉన్న పదార్థం చల్లారి, కాంతి మొదటిసారి స్వేచ్ఛగా బయల్దేరింది. అది ఇప్పటికీ అన్ని దిక్కుల నుంచీ వస్తోంది. 1965లో పెంజియాస్, విల్సన్ దాన్ని గుర్తించిన సంగతి ప్రకటించారు. అన్ని దిక్కులా దాదాపు ఒకే వేడి. 1992లో కోబే ఉపగ్రహం మాత్రం అందులో లక్షకు ఒకవంతు తేడాలు పట్టుకుంది. 2003లో డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహం ఆ తేడాల మచ్చలకు శుభ్రమైన పటం ఇచ్చింది. విశ్వానికి సేత్వార్ అంటూ ఉంటే ఇదే. అన్నిటికన్నా పాతది, మూలం.

కొత్త కాయితం గెలాక్సీల సర్వే. అమెరికాలో న్యూ మెక్సికో కొండ మీది స్లోన్ డిజిటల్ స్కై సర్వే టెలిస్కోపు ఒక్కో గెలాక్సీ ఎంత దూరంలో ఉందో కొలుస్తూ పోయింది. చిన్నచిన్న తేడాలుగా మొదలైన ఆ మచ్చలే వందల కోట్ల ఏళ్ళు పెరిగి గెలాక్సీల గుంపులయ్యాయి. ఒకటి బీజం, రెండోది పంట.

పాతది ఒక్కటే చాలదా? చాలదు. కాలువతో చెప్తాను. లష్కర్ వచ్చి కాలువలో ఇన్ని క్యూసెక్కులు పోతున్నాయని ఒక్క అంకె చెప్పాడనుకోండి. నీళ్ళ లోతెంత, వేగమెంత? తెలియదు. లోతు ఎక్కువై మెల్లగా పారినా అదే అంకె, లోతు తక్కువై జోరుగా పారినా అదే అంకె. ఒక కర్ర ముంచి లోతు చూస్తే తప్ప చిక్కు విడదు. మైక్రోవేవ్ పటం పరిస్థితీ ఇదే. మచ్చల పరిమాణం ఆకాశంలో ఎంత కోణంలో కనిపిస్తుందో అది చాలా బాగా చెప్తుంది. కానీ పదార్థం ఎంతుంది, వ్యాకోచ వేగం ఎంత, విశ్వం వంపు ఎంత అన్నవి ఒకదాన్నొకటి సర్దుకుని అదే కోణం ఇవ్వగలవు. గెలాక్సీల సర్వే ఇక్కడ ముంచే కర్ర. దానికీ దాని చిక్కులున్నాయి. అయితే అవి వేరే చిక్కులు. ఒకదాని చిక్కు ఉత్తర దక్షిణాలుగా సాగితే, రెండోదానిది తూర్పు పడమరలుగా సాగుతుంది. రెండూ ఒకదాన్నొకటి కోసే చోట చిన్న ముక్క మిగులుతుంది. జవాబు అందులో ఉంటుంది.

2004లో మాక్స్ టెగ్‌మార్క్, మరో అరవై మందికి పైగా కలిసి సరిగ్గా ఈ పని చేశారు. స్లోన్ సర్వేలోని 2 లక్షలకు పైగా గెలాక్సీలను డబ్ల్యూమ్యాప్ పటంతో జతచేశారు. వ్యాకోచ వేగాన్ని మెగాపార్సెక్‌కు, అంటే 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి, సెకనుకు ఎన్ని కిలోమీటర్లని చెప్తారు. మైక్రోవేవ్ పటం ఒక్కదానితో అది 67 నుంచి 92 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. గెలాక్సీలు కలపగానే 67 నుంచి 74 మధ్యకు వచ్చింది. విశ్వంలో పదార్థం వాటా 15 నుంచి 35 శాతం మధ్య ఊగుతున్నది కాస్తా 26 నుంచి 34 మధ్యకు ముడుచుకుంది. ఇంకో వింత ఉంది. విశ్వానికి వంపు లేదన్న ముందస్తు ఊహ తీసేస్తే, మైక్రోవేవ్ పటం ఒక్కదాని ప్రకారం విశ్వం వయసు 1630 కోట్ల ఏళ్ళు వచ్చింది. గెలాక్సీలు, సూపర్‌నోవాలు కలిపితే 1410 కోట్లయింది. 220 కోట్ల ఏళ్ళ తేడా! భూమి వయసులో సగానికి కాస్త తక్కువ. కొత్త టెలిస్కోపు ఏదీ కట్టలేదు. ఉన్న రెండు కాయితాలు పక్కపక్కన పెట్టారంతే.

మరుసటేడు, 2005లో, ఇంకా చక్కటి ముడి దొరికింది. తొలినాటి వేడి పదార్థంలో శబ్ద తరంగాలు పారేవి. కాంతి విడుదలైన క్షణాన అవి ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ అల పోయినంత దూరం మైక్రోవేవ్ మచ్చల్లో అచ్చుపడింది. అదే దూరం వ్యాకోచంతో సాగి, ఇవాళ సుమారు 49 కోట్ల కాంతి సంవత్సరాల పొడవుగా గెలాక్సీల పంపకంలో కూడా ఉండాలి. స్లోన్ సర్వేలో 46 వేలకు పైగా ఎర్రటి గెలాక్సీల మధ్య దూరాలు లెక్కవేస్తే అది ఉంది. అంటే పాత సర్వేలోనూ కొత్త సర్వేలోనూ పట్టింది ఒకే గొలుసు. ఒకే గొలుసుతో ఇక్కడా అక్కడా కొలిస్తే మధ్యలో భూమి ఎంత సాగిందో తెలియకుండా ఉంటుందా?

* * *

2018 నాటికి ప్లాంక్ ఉపగ్రహం మైక్రోవేవ్ పటాన్ని మరింత సానబట్టింది. ఆరు అంకెలుంటే చాలు, విశ్వం మొత్తం లెక్క కుదిరిపోతోంది. వ్యాకోచ వేగం 67.4, అటూ ఇటూ 0.5. వయసు 1380 కోట్ల ఏళ్ళు. గెలాక్సీ సర్వేలు దీంతో బాగానే కుదిరాయి. కథ ఇక్కడ ముగిస్తే సుఖాంతం.

కానీ ఇంకో సర్వే ఉంది. అది దగ్గర నుంచి దూరానికి మెట్లెక్కుతూ పోయేది. ముందు పాలపుంతలో సెఫీడ్ నక్షత్రాల దూరాలు కొలవాలి. వాటి సాయంతో పక్క గెలాక్సీల దూరాలు, అక్కడి సూపర్‌నోవాల సాయంతో మరీ దూరం. ఇందులో తొలి మెట్టుకు ఆధారాల్లో ఒకటి 2013లో ఎగిరిన గయా ఉపగ్రహం కొలతలు. హిప్పార్కస్‌కు వారసురాలు అది. గయా 2016లో మొదటి విడత దూరాలు ఇచ్చినప్పుడు దాని సొంత కొలతల వ్యవధి ఏడాదికి కాస్త ఎక్కువ మాత్రమే. అందుకని 1991 నాటి టైకో స్థానాలను తోడు తీసుకుని 20 లక్షల నక్షత్రాల లెక్క తేల్చారు. ఆ స్థానాలు ఉపగ్రహం తీసినవే, బేగంపేటవి కావు. హైదరాబాద్ పలకల నుంచి నేటి విశ్వ వ్యాకోచ వేగానికి నేరుగా దారం లేదు. ఉన్నది పని పద్ధతిలో వారసత్వం. పాతదాన్ని పక్కన పెట్టుకుని కొత్తదాన్ని చదవడం అన్నది అప్పటికి అందరికీ అలవాటయింది.

ఈ మెట్ల సర్వే చేసే ఆడమ్ రీస్ బృందం 2022లో ఇచ్చిన అంకె 73.04, అటూ ఇటూ 1.04. ప్లాంక్ 67.4 అంటుంది. 2004లో 67 నుంచి 74 అంటే ఇద్దరికీ చోటు ఉండేది. కొలతలు పదునెక్కే కొద్దీ ఆ చోటు పోయింది. ఇప్పుడు రెండు కాయితాలు రెండు మాటలు చెప్తున్నాయి. రెంటినీ కలిపి సగటున 70 అని రాసేయొచ్చు. కంప్యూటర్ అభ్యంతరం చెప్పదు, తప్పు పరిమితి కూడా ముచ్చటగా తగ్గుతుంది. కానీ అది మన 3 ఎకరాల 8 గుంటల లెక్కే. ఏ కాయితమూ ఒప్పుకోని అంకె. కలపడం అనే విద్యలో మొదటి పాఠం, కలపకూడనిది ఎప్పుడో తెలుసుకోవడం. సెఫీడ్‌ల కొలతలో తెలియని లోపం ఉందా? లేక తొలినాటి విశ్వం గురించి మన ఆరు అంకెల లెక్కలోనే ఒక కాలువ గీయడం మర్చిపోయామా? పాత రాళ్ళు వెతికే పని ఇంకా నడుస్తోంది.

గెలాక్సీల వైపు నుంచి కూడా ఒక అలికిడి వచ్చింది. ఆరిజోనాలో డెసీ అనే పరికరం 5000 ఫైబర్ తీగలతో ఒకేసారి 5000 గెలాక్సీల కాంతి అందుకుంటుంది. 2025 మార్చిలో మూడేళ్ళ కొలతలతో, కోటిన్నరకు దగ్గరగా గెలాక్సీలు, క్వేజార్లతో ఆ బృందం ఫలితాలు చెప్పింది. డెసీ ఒక్కదాన్నే చూస్తే మామూలు లెక్కతో పేచీ లేదు. మైక్రోవేవ్ పటాన్నీ, సూపర్‌నోవాలనూ పక్కన పెడితేనే కృష్ణ శక్తి కాలంతో పాటు బలహీనపడుతోందేమో అన్న అనుమానం వస్తోంది. ఏ సూపర్‌నోవా జాబితా వాడారన్నదాన్ని బట్టి ఆ అనుమానం బలం 2.8 నుంచి 4.2 సిగ్మాల మధ్య మారుతోంది. కనుగొన్నామని చాటడానికి భౌతికశాస్త్రంలో 5 కావాలి. నిజమైతే విశ్వం భవిష్యత్తు గురించి మనం చెప్పుకుంటున్న కథ మారుతుంది. నిజం కాకపోతే ఏదో ఒక సర్వేలో ఒక తప్పు బయటపడుతుంది. ఏది తేలినా అది కాయితాల మధ్య ఖాళీలోంచే తేలుతుంది.

* * *

బేగంపేట మీద నగరం వెలుగు పెరిగాక ఉస్మానియావాళ్ళు చీకటి వెతుక్కుంటూ సాగర్ రోడ్డు వైపు వచ్చారు. ఇబ్రహీంపట్నం దాటాక జపాల్, రంగాపూర్ ఊళ్ళ దగ్గర 1968లో 48 అంగుళాల టెలిస్కోపు నిలబెట్టారు. హాలియా నుంచి కొండమల్లేపల్లి మీదుగా హైదరాబాద్ పోయేవాళ్ళం ఆ చుట్టుపక్కల నుంచే పోతాం. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు మా పెద్దవాళ్ళు తలుపులు మూసుకుని ఇంట్లో కూర్చున్న వేళ, అక్కడ శాస్త్రవేత్తలు పరికరాలతో బారులు తీరి ఉన్నారు. తర్వాత నగరం అక్కడికీ వచ్చింది. ఇప్పుడు పెద్ద సర్వేలు జరిగేది అక్కడ కాదు. చిలీ ఎడారుల్లో, అమెరికా కొండల మీద, అంతరిక్షంలో.

అందుకు దిగులు పడేవాళ్ళున్నారు. నాకూ కొంత ఉంది. అయితే ఈ చరిత్రలో ఇంకో మార్పు కూడా జరిగింది. ఒకప్పుడు పహాణీ పట్వారీ పెట్టెలో ఉండేది, చూడాలంటే ఆయన దయ కావాలి. నిజామియా సంపుటాలు కూడా కొన్ని లైబ్రరీలకే చేరాయి. ఇవాళ ప్లాంక్ పటాలు, స్లోన్ జాబితాలు, గయా దూరాలు అన్నీ ఇంటర్నెట్‌లో ఉచితం. డెసీ తొలి విడత కొలతలు కూడా 2025 మార్చిలో అందరికీ తెరిచారు. వాటిని కలిపే ప్రోగ్రాములు కూడా ఉచితమే. ఇంజనీరింగ్ చదివే పిల్ల ఎవరైనా, నల్లగొండలోనో మిర్యాలగూడలోనో హాస్టల్ గదిలో కూర్చుని, మైక్రోవేవ్ కాయితం పక్కన గెలాక్సీ కాయితం పెట్టి, విశ్వం వయసు తనంతట తాను లెక్కవేసుకోవచ్చు. 67కూ 73కూ మధ్య తేడా ఎక్కడ వచ్చిందో ఇంకా ఎవరికీ తెలియదు కనుక, ఆ పిల్ల వెతకడానికి కూర్చుంటే ఆలస్యమైందని అనేవాళ్ళెవరూ లేరు.